ఈడనే ఉండు

యతిరాజులు అచ్చాఫీసులో ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దాడు. ఉద్యోగం మానుకున్నా, ఊరంతా అరవం మాట్లాడే పెరంబూరులోని ఆయన ఇంట్లో ఎర్రసిరా బుడ్డి మాత్రం ఎండిపోలేదు. భార్య తాయారు పోయి నాలుగేళ్లయింది. అప్పటినుంచి ఆ గడప తొక్కే మనిషి పక్కవాటా కృష్ణస్వామి కూతురు కోకిల ఒక్కతే. అదీ పనిపడితేనే.

ఆ బుధవారం సాయంత్రం కోకిల కాగితాల కట్టతో వచ్చింది. ఆ పిల్ల పన్నెండో తరగతి చదువుతోంది. ఒక నవల మీద వ్యాసం రాసి ఇస్తే తెలుగు పంతులమ్మ రెండుసార్లు వెనక్కి ఇచ్చేసింది. శుక్రవారం కూడా ఒప్పుకోకపోతే పెద్ద పరీక్షకు పంపేవాళ్ల పట్టీలో పేరుండదు.

"ఈతూరి కూడా పోయిందంటే నాయన చదువు నిలిపేస్తాడు మామా. సత్తియంగా చెప్తుండా."

"నీ భాష వింటే నిలపడమే న్యాయమనిపిస్తోంది. కూర్చో."

"ఈడ కూర్చుంటా."

"ఈడ కాదు. ఇక్కడ."

"సెరి, ఇక్కడ ఈడ కూర్చుంటా," అని నవ్వింది కోకిల. ఆయన నవ్వలేదు.

నెల్లూరు పక్క పల్లెలో చదువుకునేటప్పుడు ఆ ఒక్క మాటకే అయ్యవారు ఆయన వీపు మీద చింతబరికె విరిగేదాకా కొట్టాడు. మాట పోయింది, దెబ్బ మిగిలింది. తాయారు ఈ ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి. నోరు తెరిస్తే ఈడ, ఆడ. ఇరవయ్యారేళ్లు దిద్దాడు. ఆమె బాగుపడలేదు. మాట్లాడడం తగ్గించింది.

"దీనికి అంచేదీ? పంతులమ్మ తన మాట ఎక్కడ రాయాలి, నీ తల మీదా?"

"నా తల మీద ఆ బ్రహ్మ ముందే రాసేసినాడు మామా."

కాగితం అంచు ఎలా మడవాలో చూపించాడు. పేరాకు రెండు వేళ్ల ఎడం వదలమన్నాడు. పుస్తకంలోంచి తీసిన మాటను విడిగా కింది వరసలో రాయమన్నాడు. ఆ తరువాత ఎర్రకలం తీశాడు.

నవల చివర్లో ఒక రైతు భార్య చావుబతుకుల్లో ఉంటుంది. మొగుడు పొలానికి బయలుదేరుతుంటే తుండుగుడ్డ కొస పట్టుకుని "ఈడనే ఉండు" అంటుంది. కోకిల వ్యాసమంతా ఆ రెండు మాటలమీదే నిలబెట్టింది. బతుకంతా ఏమీ అడగని మనిషి అడిగింది ఇంతే అని రాసింది.

యతిరాజులు కలం ఆగలేదు. వ్యాసంలో ఆ మాట నాలుగుచోట్ల ఉంది. నాలుగుచోట్లా కొట్టేసి పైన "ఇక్కడే ఉండు" అని రాశాడు.

"మామా, అది పుస్తకంలో..."

"నేను దిద్దినట్టు రాయి."

కోకిల అలాగే రాసింది. అంచులు, ఎడాలు అన్నీ చక్కగా కుదిరాయి.

శనివారం పొద్దున వచ్చి వ్యాసం ఆయన ముందు పెట్టింది. ఆయన మడిపించిన అంచులోనే పంతులమ్మ రాసింది: "రచయిత మాట మార్చే హక్కు నీకు లేదు. ఇది పుస్తకం చదవకుండా రాసిన వ్యాసం."

"పట్టీలో నా పేరు లేదు," అంది కోకిల. "ఆ పుస్తకం నేను రెండుతూర్లు చదివినా మామా."

"ఆ మాట ఆమెతో చెప్పకపోయావా?"

"ఏమని చెప్పేది? పక్కింటి మామ దిద్దినాడనా? సొంతంగా రాయాల గదా."

"నేనొచ్చి చెబుతాను."

"వద్దు. ముందు నేను రాసిందే సరి. అది మీకూ తెలుసు." చిత్తుప్రతి కూడా పక్కన పెట్టింది. "ఇది మీ దగ్గరే ఉండనీండి. మీ సిరానే ఎక్కువుండాది దాంట్లో."

కోకిల వెళ్లాక ఆయన చిత్తుప్రతి తెరిచాడు. కొట్టేసిన గీత కింద ఆ మాట ఇంకా కనబడుతోంది.

నాలుగేళ్ల కిందట ఆస్పత్రిలో తాయారు ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. "ఈడనే ఉండండి," అంది. ఎన్నాళ్ల తరువాతో తనంతట తాను అన్న మాట. "ఈడ కాదు, ఇక్కడ," అన్నాడు ఆయన. ఆమె చెయ్యి వదిలేసింది. గోడవైపు తిరిగింది. ఆయన అచ్చాఫీసుకు వెళ్లి వచ్చేసరికి ఆ మంచం మీద దుప్పటి మార్చేశారు.

అచ్చాఫీసులో ఒక పద్ధతి ఉంది. పొరపాటున కొట్టేసిన మాటను మళ్లీ ఉంచాలంటే దాని కింద చుక్కలు పెడతారు. అక్షరాలు కూర్చేవాడు ఆ చుక్కలు చూసి మాటను ఉన్నచోటే ఉంచుతాడు. యతిరాజులు కలం ముంచి నాలుగుచోట్లా చుక్కలు పెట్టాడు. సిరా ఆరేదాకా కూర్చున్నాడు. ఆ కాగితాన్ని ఇచ్చేందుకు ఎవరూ లేరు.

ఆ తరువాత కొళాయి దగ్గర ఎదురుపడితే కోకిల మొహం తిప్పుకోలేదు. మంచిచెడ్డలు అడిగింది, నీళ్లు పట్టి పెట్టింది. కానీ ఆయనతో ఎప్పుడు మాట్లాడినా అరవంలోనే మాట్లాడింది. అందులో దిద్దడానికి ఆయనకేమీ దొరకలేదు.