సగం నిండిన పాతర

ఆసామి మొక్కజొన్న చేలో దిగిన గొర్రెను కాపలావాడు నడుం విరిగేలా కొట్టాడు. ఆ గొర్రె తనదని అడ్డం వెళ్ళిన చిన్నకోడలి మోచేతి మీదా ఒకటి వేశాడు. మేమంతా గట్టు మీద నిలబడి చూశాం, ఒక్కరం కదల్లేదు.

ఇదివరకు కంకులు విరిచాక ఆ చొప్ప మా గొర్రెలదే. బదులుగా మందలు అక్కడే పడుకుని చేనుకు ఎరువు వేసేవి. ఇప్పుడు కంకి పాలు పట్టగానే ఆసామి పచ్చి చేనంతా మా చేతే కోయించి, ముక్కలు కొట్టించి, గాలి చొరకుండా పాతర గోతిలో తొక్కించి, మాగిన మేతను బస్తాల్లో అమ్ముతున్నాడు. మిల్లుల్లో పప్పుపొట్టూ, వేరుశనగ చెక్కా కూడా ముందే కొనేస్తున్నాడు. కొనలేనివాళ్ళ గొర్రెలు ఎండిన గట్లు నాకుతున్నాయి.

ఒక్క ఆ ఇంటి పెద్దకోడలికి మాత్రం బస్తాలు అరువు మీద ఇంటికొచ్చేవి.

తోడికోడళ్ళ దొడ్ల మధ్య ఒకటే తడిక. అవతల నుంచి మాగిన మేత పుల్లటి వాసన వస్తే ఇవతల చిన్నకోడలి గొర్రెలు మెడలు చాచి అరిచేవి. అక్కడి పొట్టేళ్ళ నున్నటి వీపులు చూస్తే ఆమెకు ముద్ద దిగేది కాదు. వాటికేదైనా జబ్బు చేస్తే బాగుండని కూడా అనుకుంది. ఛీ అని తననే తిట్టుకుంది. అయినా మర్నాడు మళ్ళీ తడిక సందులోంచి చూసింది.

కాపరుల సంఘం మీటింగులో ఆ మంట బయటపడింది.

"ఈవిడ ముందు మాట్లాడకండి! అంతా ఆసామి చెవిలో పడుతుంది. ఊరికే ఇస్తున్నాడా బస్తాలు?" అంది చిన్నకోడలు.

పెద్దకోడలు విసురుగా లేచింది. "ఊరికే ఎందుకిస్తాడే? నా పొట్టేళ్ళను చూసి కుళ్ళుకుంటున్నావు గదా, అవి నావా? బలిసినవి బలిసినట్టు ఆయనే తోలుకుపోతాడు. ఆయన చెప్పిందే రేటు. అదీ మేత బాకీ కిందే చెల్లు. నీ గొర్రెల్ని చూసి నేనెంత ఏడ్చానో నీకేం తెలుసు?"

"నా బక్క గొర్రెల్ని చూసా?"

"అవును. బక్కవైనా నీవి. నీ ఇష్టమొచ్చినవాడికి అమ్ముకుంటావు."

మేత కోసే మిషన్ నడిపే మనిషి మధ్యలోకొచ్చాడు. "మీరిద్దరూ ఒకరిమీద ఒకరు పడి ఏడుస్తుంటే ఆయన పంట పండుతోంది. కోసేది మనం, తొక్కేది మనం. పాతర సగంలో వదిలేసి బయటికొస్తే? గాలి తగిలితే అంతా బూజే."

"మేత పాడైతే మన జీవాలకే గదా నష్టం!" అన్నాడు ఒక ముసలాయన.

"ఇప్పుడేం దక్కుతోంది మామా?" అంది చిన్నకోడలు.

పాతర సగం నిండిన రోజున అందరం పైకొచ్చేశాం. కోసిన దాంట్లో మందలకు వాటా, పొట్టేళ్ళు నచ్చినచోట అమ్ముకునే హక్కు, ఈ రెండూ ఒప్పుకునేదాకా పని జరగదన్నాం. "ముందు మూత వేసి చావండి!" అని ఆసామి అరిచాడు. ఎవరూ కదల్లేదు. మర్నాటికి మేత వేడెక్కి ఆవిర్లు కక్కింది. పోలీసు జీపు వచ్చింది.

"ఇన్నాళ్ళూ నా మేత తిని నా మీదికే లేస్తావా?" అని ఆసామి పెద్దకోడల్నే చూపించాడు.

"మా ఎరువుతో పండింది, మా కాళ్ళతో తొక్కింది. నీ మేతెలా అయింది?" అందామె.

ఆమెను జీపెక్కించారు. చిన్నకోడలు పరుగెత్తుకొచ్చి తలుపు పట్టుకుంది.

"అన్నీ ఈవిడకే ముందా? బస్తాలూ ఈవిడకే, జీపూ ఈవిడకేనా? జరుగు అక్కా, నన్నూ కూర్చోనీ!"

పెద్దకోడలు పక్కకు జరిగి చోటిచ్చింది. ఆ వెనకే మిషన్ మనిషి, ముసలాయన, మేమంతా ఎగబడ్డాం. పట్టినవాళ్ళం ఎక్కాం, పట్టనివాళ్ళం చక్రాల ముందు కూర్చున్నాం. జీపు కదల్లేదు.

పొగలు కక్కే పాతర దగ్గర ఆసామి ఒక్కడే, ప్లాస్టిక్ పట్టా కొస పట్టుకుని లాగుతున్నాడు.