పదహారూ ఎనభై కలిసే చోటు

ఏ సరుకు కొనే ముందైనా నేను మూడు సంగతులు చూస్తాను. అమ్మేవాడికి ఎంత అవసరం, కొనేవాడికి ఎంత ఆశ, మధ్యలో నాకు ఎంత మిగులుతుంది. ఈ మూడింటిలోకీ రాని వ్యవహారం నా వ్యాపారంలో ఒక్కటే తగిలింది. అది యలమంద మిరప చేలో జరిగింది.

నా పేరు ఖాజావలి. ఊళ్ళమ్మట తిరిగి ఎండుమిరపకాయలు కొని గుంటూరు యార్డుకు తోలుతుంటాను. అద్దంకి నుంచి నరసరావుపేట పోయే రోడ్డు పక్క ఊళ్ళలో యలమంద కాయకు సాటి లేదు. రంగుంది, ఘాటుంది, తొడిమ గట్టిగా ఉంటుంది. అతని ముందు మాత్రం ఈ మాట ఎప్పుడూ అనలేదు. మచ్చలున్నాయనీ, తేమ దిగలేదనీ ఏటా అంటూనే వచ్చాను. అతను నన్ను బావా అంటాడు, నేనూ అతన్ని బావా అంటాను. ఆ వరసన అతని భార్య వెంకటేశ్వరమ్మకు నేను అన్నయ్యను. కాటా దగ్గరికి వచ్చేసరికి ఈ చుట్టరికాలేవీ పనిచేయవు.

అది రెండువేల రెండో సంవత్సరం. వానలు మొహం చాటేశాయి. యలమంద అప్పటికే రెండు బోర్లు వేయించి ఉన్నాడు. మొదటిదానికి సింగరాయకొండ వైపు నుంచి నీళ్ళు చూసే ఆయన్ని పిలిపించాడు. ఆయన చెప్పులు విడిచి, అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేనంతా నడిచాడు. ఒకచోట కాయ లేచి నిలబడింది. బోరు వేస్తే దుమ్ము లేచింది. రెండోసారి వేపపుల్ల పట్టుకునే ఆయన వచ్చాడు. పుల్ల వంగింది, ఖర్చుకు యలమంద నడుమూ వంగింది. నీళ్ళు మాత్రం పడలేదు. భూమిలో రెండు జలలు ఒకదాన్నొకటి కోసుకునే చోటు దొరకాలి, అక్కడైతే తిరుగుండదు అని చెప్పి ఆయన బస్సెక్కాడు.

మిరప పూత మీద ఉంది. నీళ్ళందితే కాయ, అందకపోతే పొయ్యిలోకి పుల్ల. మూడో బోరు కూడా పోతే చేను కౌలుకిచ్చి, దాచేపల్లిలో సిమెంటు ఫ్యాక్టరీకి కాపలాదారుగా పోతానని యలమంద తేల్చేశాడు. అక్కడున్న బావమరిది ఉద్యోగం మాట్లాడి ఉంచాడు. ఆ మాట ఎత్తితే వెంకటేశ్వరమ్మకు అన్నం దిగేది కాదు. నాకూ దిగేది కాదు. చేను ఇంకొకరి చేతికి పోతే ఆ కాయ మళ్ళీ దొరకదు.

కార్తీక మాసంలో ఒక ఉదయం, రోడ్డు మీద టీకొట్టు దగ్గర ఒక సుమో ఆగింది. ఇద్దరు దిగారు. అబ్బాయి పేరు అస్లాం, అమ్మాయి పేరు శ్రీరమ్య. హైదరాబాదులో ఒకే ఆఫీసులో కంప్యూటరు ఉద్యోగాలు. అబ్బాయి చేతిలో సెల్‌ఫోను కంటే కాస్త లావుగా పసుపుపచ్చ మిషను ఉంది. దాన్ని చూస్తూ, ఇక్కణ్ణుంచి తూర్పుగా పోవడానికి దారుందా అని నన్ను అడిగాడు. ఏ ఊరికన్నాను. ఊరికి కాదన్నాడు.

టీ తాగుతూ అమ్మాయి విషయం చెప్పింది. పటాల్లో భూమి మీద అడ్డంగా, నిలువుగా గీతలు గీస్తారు కదా, అవి నిండు అంకెల దగ్గర కలిసే చోట్లు ప్రపంచంలో వేలున్నాయట. ఎవరికి దగ్గరైన చోటికి వాళ్ళు వెళ్ళి, నాలుగు దిక్కులకూ ఫోటోలు తీసి ఇంటర్నెట్లో పెడుతున్నారట. మనిషికొకటి తీస్తే భూగోళమంతా నిండుతుందట. పదహారో అక్షాంశం, ఎనభయ్యో రేఖాంశం కలిసే చోటు ఇక్కడే ఎక్కడో పొలాల్లో ఉంది, దాని కోసం వచ్చాం, ఎక్కడున్నామో ఈ మిషను అంకెల్లో చూపిస్తుందంది.

అక్కడ ఏముందన్నాను. ఏమీ ఉండదు అంకుల్ అంది. డబ్బులెవరిస్తారన్నాను. ఎవరూ ఇవ్వరు, సుమో బాడుగ కూడా మాదే అంది. మరి లాభమేమిటన్నాను. ఇద్దరూ మొహమొహాలు చూసుకుని నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. లాభం ఎంతని అడిగితే నవ్వేవాడికి చాలా ఎక్కువ వస్తోందని అర్థం. పక్క మండలంలో గ్రానైటు తవ్వకాలు జోరుగా ఉన్నాయి. వీళ్ళూ రాయి కోసమే వచ్చుంటారని లెక్కవేసుకుని, దారి నేను చూపిస్తానంటూ సుమో ఎక్కాను.

మిషను తిప్పినచోటల్లా తిరిగి తిరిగి బండి చివరికి యలమంద చేను గట్టున ఆగింది. ఎవరు బావా వీళ్ళు అని యలమంద అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అస్లాం మిషనును అరచేతిలో చదునుగా పెట్టుకుని, చూపు దాని మీంచి తిప్పకుండా సాళ్ళలోకి నడిచాడు. కాస్త ముందుకు పోయేవాడు, ఆగేవాడు, పక్కకు జరిగేవాడు, మళ్ళీ వెనక్కి వచ్చేవాడు. మంచుకు బూట్లు తడిసి నల్లరేగడి అంటుకుని ఏనుగు పాదాలయ్యాయి. విసుగొచ్చి వాటిని విప్పి గట్టు మీదికి విసిరి, వట్టికాళ్ళతో నడక మొదలుపెట్టాడు.

యలమంద తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"చెప్పులు విడిచాడు, చూశావా?" అన్నాడు నా చెవిలో. "ఎంతటోడో చూడు, కొబ్బరికాయ కూడా అక్కర్లా. నువ్వే పిలిపించావా బావా?"

నేను ఉన్నదున్నట్టు చెప్పాను. నీళ్ళు చూసేవాడు కాదు, ఫోటోలు తీసేవాడన్నాను. ఏమీ లేని చోటు చూడటానికి సొంత ఖర్చుతో హైదరాబాదు నుంచి వచ్చాడన్నాను. నా నోటివెంట వస్తుంటే ఆ మాట నాకే నమ్మబుద్ధి కాలేదు.

"ఏటేటా నా కాయలో మచ్చలున్నాయంటావు," అన్నాడు యలమంద. "నీ మాట నేనేనాడు నమ్మాను బావా?"

నేను గట్టు మీద చతికిలబడ్డాను.

అస్లాం తిరుగుతూనే ఉన్నాడు. మిషనులో పదహారు పక్కన, ఎనభై పక్కన అన్నీ సున్నాలే రావాలట. ఒకచోట వచ్చేవి, అతను ఊపిరి బిగబట్టేలోపు పోయేవి. ఇంకోచోటికి జరిగేవాడు. పైన ఉపగ్రహాలు కదులుతుంటాయి కాబట్టి అంతేనని శ్రీరమ్య చెప్పింది. కింద జల పారుతోంది కాబట్టి నిలవడం లేదని యలమంద వెంకటేశ్వరమ్మకు చెప్పాడు. పక్క చేలవాళ్ళు కూడా వచ్చి గట్టు మీద కూర్చున్నారు. చాలాసేపటికి చేను నడిమధ్యలో అస్లాం కదలకుండా నిలబడిపోయాడు. సున్నాలన్నీ వరస కట్టాయి. శ్రీరమ్య చప్పట్లు కొట్టింది.

యలమంద దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకుని, ఇక్కడ ఏముందో సెలవివ్వమన్నాడు.

"ఏం లేదండీ," అంది శ్రీరమ్య. "ఇక్కడ రెండు గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి. కంటికి కనపడవు. ఎక్కడెక్కడినుంచో వచ్చి, ఈ చేలోంచి అలా వెళ్ళిపోతాయి."

వేపపుల్లాయన చెప్పి పోయిన మాటే. యలమంద నా వైపు తిరిగి చూశాడు. కోర్టులో గెలిచినవాడు కూడా అవతలి వకీలును అలా చూడడు.

తరవాత అస్లాం కెమెరా తీసి ఉత్తరం దిక్కుకు ఒక ఫోటో తీశాడు. యలమంద అతని వెనక నిలబడి ఉత్తరానికి దండం పెట్టాడు. అస్లాం తూర్పుకు తిరిగాడు. యలమందా తూర్పుకు తిరిగి దండం పెట్టాడు. దక్షిణం అయి పడమరకు వచ్చేసరికి గట్టు మీదివాళ్ళూ లేచి చేతులు జోడించారు. ఎందుకో తెలియకపోయినా మర్యాదకు శ్రీరమ్య కూడా జోడించింది. నేను జోడించలేదు. చెప్పు మడమతో నేల గీకి రాయి ఏ రంగులో ఉందో చూస్తున్నాను. రేగడి తప్ప ఏమీ తగల్లేదు.

మిషనులో అంకెలు యలమంద తన కళ్ళతో చూశాడు. పదహారు అడుగుల్లో బండ, ఎనభై అడుగుల్లో నీళ్ళు అని అర్థం చేసుకున్నాడు. అస్లాం నిలబడ్డ చోట తెల్లరాయి పెట్టి, ఇంటినుంచి తెప్పించిన పసుపు పూశాడు. వాళ్ళ సంచి భుజాన వేసుకుని ముందు నడిచి సుమో దాకా సాగనంపాడు. అదే బండిలో అద్దంకి దాకా వెళ్ళి, తమిళనాడు బోరు లారీని మాట్లాడుకుని, మర్నాడు పొద్దున దాన్ని వెంటబెట్టుకునే వస్తానని కబురు చేశాడు.

మర్నాడు తెల్లవారుతుండగానే నేను చేను దగ్గరికి వెళ్ళాను. కింద నీళ్ళు తగిలినా, గ్రానైటు తగిలినా ముందు నాకు తెలియడం మంచిది కదా. సాళ్ళలోంచి వెంకటేశ్వరమ్మ నెత్తిన గడ్డిగంపతో వస్తోంది. గడ్డికైతే మెడ నరాలు అంతగా బిగుసుకోవు. బండిబాట పక్కన గంప దించి, గడ్డి తీసి పక్కన పారేసి, అడుగునున్న పసుపు రాయిని నేల మీద పెట్టింది. అప్పుడు నన్ను చూసింది. కంగారుపడలేదు.

"అంత లారీ నడిమధ్యకి పోయి రావాలంటే ఎన్ని సాళ్ళు తొక్కుద్దో నువ్వే చెప్పు అన్నయ్యా," అంది. "నీళ్ళు ఉన్నాయో లేవో ఎవురు చూశారు? మొక్కలైతే ఉన్నాయిగా."

ఇంత శుభ్రమైన లెక్క నేను యార్డులో కూడా వినలేదు. చేతిలో సరుకు పాడుచేసి, లేని సరుకు వెతికే వ్యాపారి ఎవడూ ఉండడు. పక్కకు ఒరిగిన రాయిని నిటారుగా సర్దాను.

లారీ దిగిన యలమంద రాయిని చూసి ఆగిపోయాడు. ఇది లోపల కదా పెట్టింది అన్నాడు.

"నువ్వు సంచి మోసుకుని ముందుపోయావుగా. ఆ అబ్బాయి మళ్ళీ మిషను చూసి ఇక్కడికి జరిపాడు," అంది వెంకటేశ్వరమ్మ. "నిన్న ఎన్నిసార్లు జరిగాడో నువ్వు చూళ్ళేదా? కావాలంటే అన్నయ్యనడుగు."

యలమంద నా వైపు తిరిగాడు. వెంకటేశ్వరమ్మా తిరిగింది. నా మాట ఏనాడూ నమ్మలేదని నిన్ననే చెప్పిన మనిషి. కాస్త ఆలోచించుకుని జవాబిచ్చాను.

"నాకు తెలిసి అది లోపలే ఉండాలి బావా."

"అయితే ఇక్కడే," అన్నాడు యలమంద లారీవాళ్ళతో. "దించండి."

పదహారు అడుగుల్లో బండ తగల్లేదు. ఎనభై అడుగుల్లో నీళ్ళూ తగల్లేదు. తెల్లటి దుమ్ము లేచి అందరి జుట్టూ నెరిసిపోయింది. పదహారూ ఎనభై కలుపుకోవాలేమో అన్నాడు యలమంద. కలిపినా దుమ్మే.

"హెచ్చవేయాలేమో బావా," అన్నాడు.

"హెచ్చవేస్తే పన్నెండొందల ఎనభై అడుగులు. అప్పుడు నువ్వూ నేనూ ఇద్దరం పోవాలి దాచేపల్లి."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. లారీ నీడలో గొంతుక్కూర్చుని, కాపలాదారులకు ఇచ్చే గది ఎంత ఉంటుంది, గేదెను కట్టేసుకోనిస్తారా, అక్కడున్న మీ తమ్ముడేమన్నా చెప్పాడా అని భార్యను అడిగాడు. ఆమె మాత్రం, తీసి పక్కన పెట్టిన పసుపు రాయినే చూస్తోంది. ఏమనుకుంటోందో నాకు తెలుసు. లాభమొచ్చిన సరుకును ఎవరు ఎక్కడికి మార్చారని ఎవరూ అడగరు. నష్టమొస్తే మొదట అడిగేది అదే.

మధ్యాహ్నానికి దుమ్ము రంగు మారింది. కాసేపటికి ముద్దముద్దగా బురద పడింది. లారీ డ్రైవరు అప్పుడే అన్నం క్యారియరు విప్పుకున్నాడు. ఒక్కసారిగా గొట్టం మొదట్లోంచి నీళ్ళు ఎగదన్ని తిన్నగా అతని సాంబారులో పడ్డాయి. అతను తమిళంలో ఏదో తిట్టాడు. యలమంద వెళ్ళి అతన్ని కావలించుకున్నాడు. రెండంగుళాల నీళ్ళు, ఆగకుండా. వెంకటేశ్వరమ్మ ఖాళీ గంప నెత్తిన బోర్లించుకుని, దాని కింద కళ్ళు తుడుచుకుంది.

ఆ ఏడు కాయ ముందెన్నడూ లేనంత బాగా వచ్చింది. నేను మచ్చలున్నాయన్నాను.

మరుసటి ఏడు కోతలప్పుడు మళ్ళీ అదే సుమో వచ్చింది. చేను పచ్చగా ఉన్న ఫోటోలే ఉన్నాయి, ఎర్రగా పండినప్పుడూ తీయాలని వచ్చామన్నారు. ఆ రోజు నేను కళ్ళంలో కాయ చూస్తున్నాను. యలమంద వాళ్ళిద్దరికీ అక్కడే బంతిపూల దండలు వేయించాడు. తమకు నీళ్ళ సంగతి ఏమీ తెలియదని శ్రీరమ్య ఎంతో చెప్పింది. పని తెలిసినవాళ్ళు అట్టాగే అంటారని యలమంద తోసేసి, వాళ్ళను బోరు దగ్గరికి తీసుకెళ్ళాడు. మోటారు గది గోడ మీద ఎర్ర రంగుతో పదహారు, ఎనభై అని రాయించి ఉంది. ముందు పసుపు రాయి.

అస్లాం గోడ వైపు చూశాడు, మిషను వైపు చూశాడు.

"ఇది కాదండీ," అన్నాడు. "మేం చూసింది ఆ లోపల, చేను మధ్యలో."

యలమంద నా వైపు తిరిగి, ఏం బావా అన్నాడు. లోపలేనని నేను ఆ రోజే చెప్పానన్నాను. నువ్వు చెప్తే నేను నమ్ముతానా అని కసిరి, భార్య వైపు తిరిగాడు.

వెంకటేశ్వరమ్మ తల దించలేదు. "నేనే జరిపా," అంది. "చేతికొచ్చే మొక్కల్ని తొక్కిస్తావని."

యలమంద కాలవలో పారుతున్న నీళ్ళు చూశాడు. ఎర్రగా పండిన చేను నడిమధ్యకు చూశాడు. మళ్ళీ నీళ్ళు చూశాడు. పెదవులు కదులుతున్నాయి. తిట్టు వెతుక్కుంటున్నాడనుకున్నాను. ఏ తిట్టు వచ్చినా అందులో సగం నాకు రాక తప్పదని ఒక అడుగు వెనక్కి వేశాను.

"అంటే," అన్నాడు చివరికి, "అక్కడి జల ఇంకా అట్టాగే ఉందన్నమాట."

అస్లాం అప్పటికే బూట్లు విప్పి సాళ్ళలోకి దిగాడు. యలమంద తలగుడ్డ చంకలో పెట్టుకుని, దారిలో ఒక తెల్లరాయి ఏరుకుని అతని వెనకే నడిచాడు. వాళ్ళు చేను మధ్యలో నిలబడి ఉత్తరానికి తిరిగారు. వెంకటేశ్వరమ్మ మిరపకాయలున్న గంపను కళ్ళంలో గుమ్మరించి, ఖాళీ గంప చంకన పెట్టుకుని నా పక్కకు వచ్చింది.

"మా పశువుల కొట్టం దగ్గర బోరు లారీ తిరుగుద్దా అన్నయ్యా?" అంది.