ఎర్రపెన్నుతో కొట్టేసిన వరుస

లాలాగూడ వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు ఫిట్టర్‌గా పనిచేశాను. అన్నేళ్లలో నాకు ఒక్క మెడల్ రాలేదు గానీ, కాలనీలో ఒక పేరు మాత్రం వచ్చింది. అమ్మానాన్న పెట్టింది బ్రహ్మచారి, కాలనీవాళ్లు పిలిచేది బేరం బ్రహ్మచారి. ఎవరింట్లో ఫ్రిజ్ కొన్నా, కూతురి పెళ్లికి బంగారం కొన్నా, చివరికి ఇనుప గేటు చేయించినా నన్ను వెంట తీసుకుపోయేవారు. ముందు చాయ్ తాగించి, "చారిగారూ, మీరే మాట్లాడుండ్రి, మేం నోరు తెరవం" అనేవారు. నేను మాట్లాడేవాణ్ని. దుకాణంవాడి మొహం మాడిపోయేదాకా మాట్లాడేవాణ్ని. ఎంత తగ్గించానో నలుగురికీ చెప్పుకుంటే గానీ ఆ రాత్రి నాకు అన్నం సయించేది కాదు. ఇప్పుడు ఎవరైనా నోరు జారి ఆ పేరుతో పిలిస్తే చెంప పగలగొట్టాలనిపిస్తుంది. వాళ్లది కాదు, నాది.

నాకు ఒక్కడే కొడుకు, విజయేందర్. నా భార్య పోయాక వాడూ, కోడలు కల్పలతా, ఏడాదిన్నర మనవరాలూ, నేనూ. అంతే మా ఇల్లు. వాడు ఒక ల్యాబ్ తరఫున ఇళ్లకు పోయి రక్తం తీసుకొచ్చే పని చేసేవాడు. పరగడుపున ఇవ్వాల్సిన రక్తం కదా, పొద్దున్నే ఐదున్నరకల్లా బయలుదేరాలి. పాత బండి రెండు రోజులకోసారి మొరాయించేది. చెమటలు కక్కుతూ దాన్ని తోసుకుంటూ ఇంటికొచ్చేవాడు. ఒకరోజు కల్పలత, "మామయ్యా, ఈ బండితోని ఆయనకు చాన తక్లీఫైతుంది. కొత్తది తీసుకుందాం" అంది. సరేనన్నాను. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత మిగిలి ఉంది. బండి ఏ రంగుదో వాడు చూసుకున్నాడు. ధర సంగతి నాకొదిలేశాడు. వదలకపోయినా నేను వదిలేవాణ్ని కాదు.

వాడూ నేనూ స్టేషన్ దగ్గర ఒక షోరూమ్‌కి పోయాం. శ్రావణమాసం, శుక్రవారం. లోపల ఇసుక వేస్తే రాలనంత జనం. మాకు కొటేషన్ ఇచ్చిన అమ్మాయి పేరు ప్రేమమణి. ఇరవై ఐదేళ్లుంటాయేమో, మెడలో సన్నటి శిలువ గొలుసు, గొంతు పెద్దగా లేవదు. కాగితం మీద బండి ధర కింద ఇంకా చాలా వరుసలున్నాయి. నేను జేబులోంచి ఎర్రపెన్ను తీశాను. వర్క్‌షాపులో పనికిరాని సామాను మీద ఎర్రగీత పెట్టడం నా పని. రిటైరైనా ఆ పెన్ను జేబులోంచి పోలేదు.

"హ్యాండ్లింగ్ ఛార్జీలు రెండువేల ఐదు వందలు. ఇది ఏందమ్మా?"

"బండి గోడౌన్ నుంచి ఇక్కడికి తెచ్చినందుకు సార్."

"బండ్లమ్మేటోళ్లు బండి తేకుంటే మరి ఏం తెస్తరు? మా గల్లీల కూరగాయలమ్మే లచ్చమ్మ తోపుడుబండి కిరాయి నా దగ్గర వసూలు చేస్తదా?"

పక్క టేబుళ్ల దగ్గరవాళ్లు నవ్వారు. నాకు ఊపొచ్చింది. ఆ వరుస కొట్టేశాను. రంగు మీద పూత పద్దెనిమిది వందల యాభై అన్నారు. కొత్త బండికి పూతెందుకు, పాతబడ్డాక చూద్దామని అదీ కొట్టేశాను. బండి ముందు బిగించే కమ్మీలు, సీటు కవరూ కలిపి పదిహేను వందలు. ఊరికే ఇస్తే ఇవ్వు, లేకపోతే పక్క షోరూమ్‌కి పోతానన్నాను. ప్రేమమణి రెండుసార్లు మేనేజర్ గదికి పోయొచ్చి అన్నింటికీ తలూపింది. అక్కడితో ఆగితే ఇప్పుడు ఈ కథ ఉండేది కాదు.

ఇంకొక్క వరుస మిగిలింది. బండి యజమానికి ప్రమాద బీమా, మూడు వందల డెబ్బై ఐదు. పెన్ను దాని మీదికి పోగానే ఆ పిల్ల కాగితం మీద చెయ్యి పెట్టింది.

"సార్, అది మాది కాదు. అందులో షోరూమ్‌కి ఏం రాదు. అది తీయొద్దు సార్. నడిపేటాయనకు ఏమన్న అయితే ఇంట్లోళ్లకు పదిహేను లక్షలొస్తయి."

"శుభమా అని బండి కొంటుంటే చావు ముచ్చటేందమ్మా! నాకు రైల్వే జీతం పడే బ్యాంకు ఖాతాల ముప్పై లక్షల ప్రమాద బీమా ఉంది. బ్యాంకోళ్లు మా వర్క్‌షాపులకే వచ్చి చెప్పిపోయిన్రు."

"అది మీ పేరు మీద ఉంటది సార్. బండి ఈ అన్న పేరు మీద కదా. ఆయన పేరు మీదనే ఉండాలె."

నన్ను నలుగురిలో తప్పు పట్టిందని నాకు మండింది. రైల్వేలో పుట్టి పెరిగినవాణ్ని, నాకు చెప్పొచ్చింది! ఆస్పత్రి కార్డు తెస్తే దాని మీద ఇంటిల్లిపాది పేర్లుండేవి. పాసు తీస్తే పెళ్లాం పిల్లలందరూ దాని మీదే కాశీదాకా పోయొచ్చారు. క్వార్టర్ ఇచ్చారంటే అందరికీ ఇచ్చినట్టే. రైల్వే ఇచ్చింది ఏదైనా నా ఒక్కడికే ఆగిపోవడం నా ఎరుకలో లేదు. ఈ బీమా ఒక్కటి ఎందుకు ఆగుతుంది?

"నీకు కమీషన్ పోతదని పరేషానైతున్నవా? ముప్పై ఏండ్ల సర్వీసు నాది. నాకు నేర్పిస్తున్నవా?" అని గట్టిగా అరిచాను.

మేనేజర్ ఓంప్రకాశ్ గదిలోంచి పరుగున వచ్చాడు. అందరి ముందూ ఆ పిల్లను పట్టుకుని, "కస్టమర్‌తోని వాదిస్తవా? రేపటి నుంచి రావొద్దనుకుంటున్నవా?" అని కసిరాడు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు సంతోషమేసింది. అవును, సంతోషమే. అబద్ధం ఎందుకు చెప్పాలి?

విజయేందర్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "నాయినా, మూడు వందల డెబ్బై ఐదే కదా. ఉండనీ" అన్నాడు మెల్లగా.

"ఊరికే వస్తున్నయారా పైసలు? నువ్వు నోర్మూసుకొని సంతకం పెట్టు."

వేరే బీమా ఉందని రాసిచ్చే కాగితం ఒకటి తెచ్చారు. ఖాళీలన్నీ నేనే నింపాను. వేరే బీమా ఎక్కడ ఉంది అన్నచోట, "తండ్రి రైల్వే ఖాతా" అని గుండ్రటి అక్షరాలతో రాశాను. వాడు కింద సంతకం పెట్టాడు. మొత్తం ఆరువేల రెండు వందల ఇరవై ఐదు తగ్గించాను. ఆ ఎర్రగీతల కొటేషన్‌ని ఇంట్లో టీవీ బల్ల అద్దం కింద పెట్టి, వచ్చినవాళ్లందరికీ చూపించాను.

ఎనిమిది నెలలు వాడు ఆ బండిని పసిపిల్లలా తుడుచుకున్నాడు. చైత్రంలో ఒకరోజు పొద్దున ఆరుకు సీతాఫల్‌మండి మలుపు దగ్గర ఏదో లారీలోంచి రాలిన కంకర మీద జారాడు. ఎవరూ గుద్దలేదు. ఎవరి మీదా కేసు పెట్టడానికి లేదు. ఛాతీ పోయి డివైడర్ గట్టుకు తగిలింది. నెత్తిన హెల్మెట్ ఉంది, దాని మీద గీత కూడా పడలేదు. డబ్బాలోని రక్తం గొట్టాలు కూడా పగల్లేదు. ఎవరిదో రక్తం భద్రంగా ఉంది, నా కొడుకుదే రోడ్డు మీద పోయింది. ల్యాబ్‌వాళ్లు దండ తెచ్చి వేశారు. అతను మా ఉద్యోగి కాడు, శాంపిల్‌కి ఇంత అని ఇచ్చేవాళ్లం అన్నారు. చేతులు దులుపుకున్నారు.

పదకొండో రోజు అయ్యాక కల్పలత నా దగ్గరికొచ్చి కూర్చుంది. ఒళ్లో మనవరాలు నిద్రపోతోంది.

"మామయ్యా, ల్యాబ్‌ల ఆయనతోని పనిచేసేటాయన చెప్పిండు. బండి ఎవరి పేరు మీదుంటే వాళ్లకు బీమా ఉంటదంట, పదిహేను లక్షలు. మా అన్న నన్ను జనగామకు వచ్చెయ్యమంటుండు. పోతే వదిన ఇంట్ల పనిమనిషి లెక్కనే ఉంటా. నాకు పోబుద్ధి కాదు. ఆ పైసలొస్తే పెళ్లికి ముందు ఆగిపోయిన నర్సింగ్ పూర్తి చేస్తా. మీ పింఛన్ మీరున్నన్ని రోజులే కదా మామయ్యా. తర్వాత నాకూ దీనికీ ఏం ఆధారముంటది?"

"చూస్తనమ్మా" అన్నాను.

మర్నాడే బ్యాంకుకు పోయాను. కౌంటర్‌లో కుర్రవాడు కంప్యూటర్ చూసి ఓపికగానే చెప్పాడు. ఆ బీమా ఖాతా ఉన్న ఉద్యోగికి ఒక్కడికేనట. అదీ నేను రిటైరైన రోజుతో ఆగిపోయిందట. "మీ అబ్బాయికి ఎప్పుడూ లేదు సార్" అన్నాడు. షోరూమ్‌లో ఆ పిల్ల చెప్పింది అక్షరాలా ఇదే. బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను. ఇంటికి పోయి మొట్టమొదట చేసిన పని, ఆ కొటేషన్‌ని టీవీ బల్ల అద్దం కిందనుంచి తీసి, నా సర్వీసు కాగితాల అడుగున దాచెయ్యడం. ఆ అద్దం రోజూ తుడిచిన కల్పలత, దాని కింద ఏ వరుసలు కొట్టేశానో ఎన్నడూ చదవలేదు.

చెప్పాలి. రోజూ పొద్దున్నే చెప్పాలనుకునేవాణ్ని. కల్పలత కంచంలో అన్నం పెట్టి, "ఏమన్నరు మామయ్యా బీమావాళ్లు?" అనేది. "చూస్తున్నరమ్మా" అనేవాణ్ని. మూడు వారాలు అలాగే గడిపాను. షోరూమ్‌ల మెడలు వంచిన మొగాణ్ని, ఇంట్లో కోడలి ముందు నోరు పెగల్లేదు. చివరికి ఆమే బీమా కంపెనీకి ఫోన్ చేసింది. బండి యజమానికి బీమా కట్టలేదని చెప్పారు.

"షోరూమోళ్లే తిన్నరు మామయ్యా! మీ దగ్గర పైసలు తీసుకొని కట్టలే వాళ్లు. మీరంత తగ్గించిన్రని కసితోని చేసిన్రు."

అప్పుడైనా చెప్పొచ్చు కదా. నేనేమన్నానో తెలుసా? "అయ్యుండొచ్చమ్మా" అన్నాను.

రేపే పోదామంది. పోయాం. లోపల అదే టేబుల్, అదే ప్రేమమణి. కల్పలత ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడగా నేను వినలేదు. ఆ రోజు ఎత్తింది.

"మా ఆయన చచ్చిపోయిండు. ఆయన బీమా పైసలు తిని మీరేం కట్టుకుంటరు? చిన్నపిల్లుంది నాకు. సిగ్గులేదా మీకు? నీకు కడుపుకు అన్నమెట్ల పోతుంది?"

జనం చుట్టూ చేరారు. ఫోన్లు పైకి లేచాయి. నేను పక్కనే నిలబడ్డాను. ఒక్క మాట చాలు, ఆ పిల్ల మీద పడుతున్న తిట్లు ఆగిపోతాయి. ఆ ఒక్క మాట నేను అనలేదు. ప్రేమమణి నన్ను చూసింది, గుర్తుపట్టింది. చెయ్యి గుండెల మీదికి పోయింది. "అయ్యో దేవా, ఆ అన్ననా" అంది.

లోపలికి పోయి ఫైలు తెచ్చింది. తెరిచింది గానీ కల్పలత వైపు తిప్పలేదు. నా దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"సార్, మీరు చెప్తరా? నేను చెప్పాల్నా?"

ఈ పిల్లనా నేను నలుగురిలో ఏడిపించింది! నా కాళ్ల కింద భూమి చీలితే బాగుండుననిపించింది. చీలలేదు. నేనే చెప్పాల్సొచ్చింది.

"ఆమె తప్పేం లేదమ్మా. బీమా వద్దన్నది నేను. ఈ బిడ్డ తీయొద్దు తీయొద్దన్నా విన్లే. నా రైల్వే ఖాతాల మనందరికీ ఉన్నదనుకున్న. లేదంట. మూడు వారాల కింద్నే తెలిసింది నాకు."

కల్పలత ఫైలు లాక్కుని చూసింది. పాలవాడి లెక్క క్యాలెండర్ మీద రోజూ రాసేది నేనే. ఆ గుండ్రటి అక్షరాలు ఆమెకు తెలుసు. వేలితో ఒక్కో అక్షరాన్నీ తడిమింది. ఆ వేలు కింద సంతకం దగ్గర ఆగింది.

"ఇది తీసేస్తే ఎంత తగ్గింది?"

"మూడు వందల డెబ్బై ఐదు."

"ఆయన ఏమన్లేదా?"

"ఉండనీ అన్నడు. నేనే నోర్మూసుకోమన్న."

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె ఫైలు మూసి ప్రేమమణి చేతికిచ్చింది. "నిన్ను ఉత్తగనే తిట్టిన అక్కా. ఏమనుకోకు" అంది. ఆ పిల్ల ఆమెను పట్టుకుని బయటిదాకా తీసుకొచ్చింది. నన్ను ఎవరూ పట్టుకోలేదు.

రోడ్డు మీద ఎండ మండిపోతోంది. ఆటో ఒకటి వచ్చి ఆగింది. లాలాగూడకు ఎంతని అడిగాను. నూట ఎనభై అన్నాడు.

"నూట ఇరవైకి వస్తవా?" అంది నా నోరు.

దేవుడి మీద ప్రమాణం, నేను అనాలనుకోలేదు. దానంతటదే వచ్చేసింది. ముప్పై ఏళ్ల అలవాటు. ఆటోవాడు కుదరదన్నట్టు తలూపాడు. కల్పలత అప్పుడు నా వైపు తిరిగింది. షోరూమ్ దాటాక నా మొహంలోకి చూడటం అదే మొదలు.

"అడిగినంత ఇచ్చెయ్యుండ్రి మామయ్యా" అంది. "ఇకనన్నా అడిగినంత ఇచ్చెయ్యుండ్రి."