పొత్తులో పోయిన సీటు

ఎనిమిది గ్లాసుల టీ ముందుగదిలో పెట్టి వచ్చిన హరిమాయకి వంటింట్లో కాలు నిలవలేదు. పొయ్యి దగ్గరికి వెళ్ళింది, కిటికీ దగ్గరికి వచ్చింది, కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది. గోడకి అవతల రెండు పార్టీల మగవాళ్ళు పొత్తు మాట్లాడుకుంటున్నారు. మొన్నటిదాకా ఒకరినొకరు దొంగలని మైకుల్లో తిట్టుకున్నవాళ్ళే. ఖాట్మండులో ఎవరికీ మెజారిటీ లేక ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి ప్రభుత్వం నడుపుతున్నారు గనక, ఈ కొండమీది మున్సిపాలిటీలోనూ అలాగే నడవాలట.

ఐదేళ్ళుగా ఆమె ఇక్కడ ఉపమేయరు. ఒకే పార్టీ మేయరుకీ ఉపమేయరుకీ పోటీ చేస్తే ఇద్దరిలో ఒకరు ఆడమనిషి అయితీరాలని చట్టం. అందుకే అప్పుడు ఆమెని వెతుక్కుంటూ వచ్చారు. ఇప్పుడు పొత్తు కుదిరింది. మేయరు ఆమె పార్టీకి, ఉపమేయరు అవతలివాళ్ళకి. ఒక్కో పార్టీ ఒక్కో సీటుకే పోటీ కాబట్టి చట్టం అడ్డురాదు, రెండింటికీ మగవాళ్ళే. ఆమె పార్టీ తరఫున మేయరు అభ్యర్థి ఆమె భర్త టంకనాథ్.

కుర్చీ కోసం ఇంత బెంగేమిటని తనని తానే కసురుకుంది. కుర్చీ కాదు. ఊరి తగాదాలు తీర్చే న్యాయ సమితికి ఉపమేయరే పెద్ద; ఆ బల్ల దగ్గర ఐదేళ్ళు కూర్చుంది. తాగొచ్చి కొట్టే మొగుళ్ళ గొడవలు, నీళ్ళ కుళాయి తగాదాలు, కోడలికి గింజ కూడా పంచని మామల కథలు అన్నీ విన్నది. మొదటి ఏడాది ఒక్కో తీర్పు నాలుగుసార్లు కొట్టేసి రాసేది. ఇప్పుడు ఆమె నోరు విప్పితే పెద్ద పెద్ద మీసాలు కూడా ఊరుకుని వింటాయి. ఇంటికొస్తే మాత్రం, "తీర్పులయ్యాయా తల్లీ, ఇక అన్నం వడ్డిస్తావా?" అనేవాడు టంకనాథ్. అతనితోపాటు తనూ నవ్వేది. అలా నవ్వినందుకు ఇవాళ ఆమెకి తన మీదే ఒళ్ళు మండింది.

ముందుగదిలోకి రమ్మని పిలిచారు. అవతలి పార్టీ నాయకుడు దిల్లీరామ్ వదినా అని వరస కలిపి, మీ త్యాగం మేం మరిచిపోమన్నాడు. తను త్యాగం ఎప్పుడు చేసిందో ఆమెకి ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. టంకనాథ్ తన నామినేషన్ కాగితం ముందుకు జరిపాడు.

"ప్రతిపాదించేవాళ్ళ చోట సంతకం పెట్టు. ఆడవాళ్ళ ఓట్లన్నీ నీ మాట మీదే పడతాయి."

"ఓట్లు నా మాట మీద పడేటప్పుడు సీటు మీకెందుకు?"

"పొత్తన్నాక సర్దుకోవాలి, హరీ."

"ఈ పొత్తు గురించి నన్నెవరైనా అడిగారా?"

దిల్లీరామ్ గ్లాసులోకి చూశాడు. టంకనాథ్ మాత్రం నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"నిన్నడిగేదేముంది? నువ్వు ఇంటిమనిషివి కదా."

అతను అబద్ధం ఆడలేదు. రెండు పార్టీలతో మాట్లాడాలి, ఆమెతో మాట్లాడనక్కర్లేదు, అంతే. హరిమాయకి పొద్దుటినుంచీ ఉన్న దడ అప్పుడు తగ్గింది. కాగితం బల్లమీదే వదిలి, శాలువా కప్పుకుని బయటికి నడిచింది. వెనకనుంచి అత్తగారు, వంట సంగతేమిటని అడిగింది. మీ అబ్బాయిని చూసుకోమనండి అని చెప్పి మెట్లు దిగింది.

దారిలో అమ్మల సంఘం దగ్గర ఆగి సుంతలీనీ, మరొకామెనీ వెంటబెట్టుకుంది. సుంతలీకి మామగారి దగ్గర్నుంచి పొలంలో వాటా రాయించింది హరిమాయే. ప్రతిపాదించేవాళ్ళ సంతకాలు ఎందుకు కావాలో విన్నాక సుంతలీ ఇంకో మాట అడగలేదు, చెప్పులేసుకుంది.

నామినేషన్లకి అదే ఆఖరి రోజు. ఎన్నికల ఆఫీసులో గుమాస్తా ఆమెని చూసి నమస్తే అక్కా అంటూ లేచి, అలవాటుగా ఉపమేయరు ఫారం తీసి ఇచ్చాడు.

హరిమాయ దాన్ని వెనక్కి జరిపింది.

"ఇది కాదు తమ్ముడూ. మేయరుది ఇవ్వు."