చంద్రుడికి లేచిన బొబ్బలు

నాణేల ముద్రణాలయంలో అచ్చులు చెక్కే మేస్త్రి పనితనం ఎంత సన్ననిదంటే, ఈగ రెక్క మీద ఊరి పటం చెక్కగలడని చెప్పుకునేవారు. ఈగ కుదురుగా కూర్చోక ఆగిపోయింది గానీ, లేకపోతే చెక్కేవాడే. ముప్పై ఏళ్లలో అతని అచ్చు ఒక్కటీ వెనక్కి రాలేదు. శుక్రవారం రిటైరవుతున్నాడు. ఆ పేరుతోనే గడప దాటాలని పంతం.

ఆఖరి పని అంతరిక్ష యాత్రల స్మారక నాణెం: నిటారుగా రాకెట్టు, పక్కన నిండు చంద్రుడు. ప్రెస్సు నడిపే బావమరిది మొదటి నాణెం కొట్టి తెచ్చాడు.

“బావా, చంద్రుడికి ఒంట్లో బాగాలేదా?”

“ఏం?”

“ఒళ్లంతా బొబ్బలు!”

భూతద్దంలో చూసి మేస్త్రి గతుక్కుమన్నాడు. అచ్చులో లోతుగా తవ్వింది నాణెం మీద ఉబ్బి వస్తుంది. ఇన్నేళ్లూ తలలు, ఆకులు, సింహాలు... అన్నీ ఉబ్బెత్తు బొమ్మలే. ఆ అలవాటు కొద్దీ చంద్రుడి గుంటల్ని కూడా లోతుగానే తవ్వేశాడు. అవి కాస్తా గుట్టలై కూర్చున్నాయి.

“నాణెం చూసి ఒప్పుకోడానికి అంతరిక్ష శాఖ అధికారిణి వచ్చేస్తున్నారు. ఇప్పుడెలారా?”

“నువ్వు నోరు మూసుకో బావా, నేను చూసుకుంటా.” బావమరిది నాణేన్ని నిలబెట్టి, బల్లదీపాన్ని దాని కింది అంచు దగ్గరికి దించాడు. వెలుగు కిందినుంచి పడేసరికి కన్ను మోసపోయింది. గుట్టలు గుంటల్లా కనిపించాయి.

ఆవిడ వచ్చి వంగి చూసింది. “చంద్రుడు అచ్చం అలాగే ఉన్నాడు! మరి మా రాకెట్టేంటి, గోతిలో పడినట్టుంది?”

బావమరిది గబుక్కున దీపం పైకెత్తాడు. రాకెట్టు లేచింది, బొబ్బలూ లేచాయి. దించాడు. బొబ్బలు అణిగాయి, రాకెట్టు గోతిలో పడింది. ఎత్తాడు, దించాడు.

“దీపానికేమైనా తిక్కా?” అందావిడ.

మేస్త్రి ముప్పై ఏళ్ల పేరు ఆ దీపంతో పాటు పైకీ కిందికీ ఊగుతోంది. చివరికి మేస్త్రే బావమరిది చెయ్యి పట్టుకుని ఆపాడు.

“దీపానిదీ కాదు, మా బావమరిదిదీ కాదమ్మా, తప్పు నాది. గుంటల్ని తిరగేసి చెక్కాను.”

ఆవిడ నాణెం మీద వేలు పెట్టి తడిమి, పకపకా నవ్వింది. “నా మొదటి రాకెట్టు సముద్రంలో పడిందండీ. అప్పుడు నాకిలా దీపం పట్టే బావమరిది కూడా లేడు. కొత్త అచ్చుకి ఎన్నాళ్లు?”

“ఇరవై రోజులు.”

“శుక్రవారం మీరు వెళ్లిపోతున్నారటగా?”

మేస్త్రి ఉలి అందుకుని, వెనక్కి వచ్చిన తన మొదటి అచ్చు మీద అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీత కొట్టి దాన్ని రద్దు చేశాడు. కొట్టాక ఎందుకో గుండె తేలికపడింది.

“ఒరేయ్, మీ అక్కకి ఫోన్ చెయ్యి. ఇంకో ఇరవై రోజులు నేనింట్లో తగలడనని చెప్పు.”

“అబ్బో! నువ్వు తప్పు చేస్తే బహుమతి తనకా అని మురిసిపోతుంది బావా!”