వెనక నిలబడే మనిషి

“వెలిగిందా?” అన్నాడు మేస్త్రి, బండి మీద కూర్చుని, వెనక్కి తిరగకుండానే.

“ఆ,” అంది ఆమె.

“ఇప్పుడు?”

“ఆ.”

మొదటిది చేతి బ్రేకుకి, రెండోది కాలి బ్రేకుకి. మేస్త్రి దిగి, పానా తుడుచుకుని, ఇంక తీసుకెళ్ళమని బండి తాలూకు మనిషికి సైగ చేశాడు. ఆమె మళ్ళీ వంటగదిలోకి వెళ్ళింది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ షెడ్డులోంచి ఏ బండీ ఆమె రెండుసార్లు ‘ఆ’ అనకుండా రోడ్డెక్కలేదు. నడిపేవాడికి ఎదురుగా వచ్చేదంతా కనిపిస్తుంది గానీ తన బ్రేకు లైటు తనకు కనిపించదు. అది వెలిగిందో లేదో చెప్పడానికి వెనక ఇంకో మనిషి నిలబడాలి. ఇక్కడ నిలబడేది మేస్త్రి భార్య.

షెడ్డు అంటే ఇంటి ముందుగదే. గోడకు మేకులు, మేకులకు రంగురంగుల వైర్ల చుట్టలు, మూల బ్యాటరీలు, బల్ల మీద ఎప్పుడూ కాస్త వెచ్చగా ఉండే సోల్డరింగు కడ్డీ. ఇంజను జోలికి మేస్త్రి పోడు. హారను, బ్యాటరీ, లైట్లు, అంతే ఆయన రాజ్యం. అందులోనూ ఆయనకు ఒకటే పిచ్చి. బండి ఆగాక వెలిగే లైటు లైటే కాదంటాడు. హారను మూగబోయిందని వచ్చినవాడి బండికి కూడా బ్రేకు స్విచ్చి నట్టు ఒక చుట్టు తిప్పి, పెడలు మీద పాదం ఆనీ ఆనకముందే ఎరుపు వెలిగేలా పెడతాడు. మసిపట్టిన ఎర్ర అద్దం విప్పి సబ్బునీళ్ళతో కడిగిస్తాడు. కడిగేది కూడా ఆమే. అడగని పని చేసినందుకు మెచ్చుకున్నవాళ్ళు తక్కువ, ఆలస్యమైందని విసుక్కున్నవాళ్ళు ఎక్కువ.

బండ్లవాళ్ళు ఆమెను లైటు పిన్ని అంటారు. మొదట్లో ఆమెకు ఒళ్ళు మండేది. పోనుపోను, ఎవరైనా అసలు పేరు అడిగితే ఒక్క క్షణం ఆగి గుర్తుచేసుకునే దాకా వచ్చింది. కూరలో ఉప్పు దగ్గర్నుంచి ఇంటికప్పు మరమ్మతు దాకా ఆమె ఏమన్నా మేస్త్రి జవాబు ఒకటే, “నీకు తెలీదులే.” బండి వెనక నిలబడి చెప్పిన మాటను మాత్రం ఆయన ఏనాడూ కాదనలేదు. ఆమె లేదంటే మళ్ళీ విప్పడమే.

వానాకాలం మొదట్లో ఆమె చూపు చెడింది. కంటి డాక్టరు నరం ఎండిపోతోందన్నాడు. ఉన్నది నిలబెట్టుకోవాలే గాని పోయింది తిరిగి రాదన్నాడు. ఆమె సూటిగా దేన్ని చూస్తే అక్కడ బూడిదరంగు మచ్చ పడేది, దాని చుట్టుపక్కలవి మాత్రం కనిపించేవి. లైటు వంక చూస్తే లైటు పోయేది. పక్కనున్న గోడను చూస్తే ఎరుపు అంచు తగిలేది, అదీ పొద్దు వాలాక. ఇంటికొచ్చి, డాక్టరు చుక్కల మందు రాశాడని చెప్పింది. అబద్ధం కాదు, చుక్కల మందు రాశాడు.

తర్వాత చెవి ఆదుకుంది. చేతి బ్రేకు నొక్కితే స్విచ్చి టిక్కుమంటుంది. పెడలు నొక్కితే స్ప్రింగు సాగుతుంది. ఆ చప్పుడు వినగానే ‘ఆ’ అనేది. మూడు నెలలుగా ఎవరూ తిరిగొచ్చి అడగలేదు. మేస్త్రి పని గట్టిది, ఆయన బిగించింది వెలగకపోవడం నూటికి ఒకటి. ఆ ఒక్కదాని కోసమే తను అక్కడ నిలబడుతున్నదని ఆమెకు తెలుసు. తెలిసీ నిలబడింది. తప్పుకుంటే ఇంట్లో తన మాటకు మిగిలేది ‘నీకు తెలీదులే’ ఒక్కటే.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం రొట్టెలాయన వచ్చాడు. బేకరీలో రొట్టెలు ఎక్కించుకుని కొట్టుకొట్టుకీ వేసే మనిషి. సీటు వెనక నాలుగు ప్లాస్టిక్ పెట్టెలు ఒకదాని మీద ఒకటి కట్టుకుంటాడు.

“నేను బ్రేకేస్తే వెనకాళ్ళకి తెలీట్లేదు మేస్త్రీ. మొన్న కారొకటి వచ్చి పెట్టెల్ని గుద్దేసింది. రొట్టెలన్నీ రోడ్డు పాలు. నాకు మోచెయ్యి గీసుకుంది, అంతే.”

“అంతే అంటావేం?” మేస్త్రి వంగి చూశాడు. “పెట్టెలు ఇంత కిందకి కట్టావు. నీ లైటు రొట్టెలకి తప్ప ఇంకెవరికీ కనపడదు.”

అన్నిటికంటే పైన ఉన్న పెట్టె వెనకభాగాన ఇంకో బ్రేకు లైటు బిగించాలని తేల్చాడు. బీరువాలోంచి కొత్త బల్బు తెచ్చి ఆయన చేతికిచ్చింది ఆమే. తీగ లాగి, లైటు గిన్నె బిగించేసరికి బ్యాటరీల కొట్టు నుంచి ఫోను వచ్చింది. పాడైన బ్యాటరీ వెనక్కి తీసుకోమంటే తీసుకోరట. పావుగంట వాదించి, ఆ కోపంతోనే వచ్చి గిన్నెకు ఎర్ర అద్దం మూసి, స్క్రూలు బిగించాడు. ఎండ నెత్తిమీద ఉంది. ఆమె వెనక నిలబడింది.

“వెలిగిందా?”

స్ప్రింగు సాగింది. “ఆ.”

“పైది?”

“ఆ. పైది కూడా.”

“పిన్ని చెప్పిందంటే ఇంక తిరుగులేదు,” అని రొట్టెలాయన బండి ఎక్కాడు.

మూడింటికి ఆమె బల్ల సర్దుతుంటే వేళ్ళకు చిన్న అట్టపెట్టె తగిలింది. తెరిచి తడిమింది. లోపల బల్బు, చల్లగా, నున్నగా, కొత్తది. ఉదయం నుంచి ఆమె తీసిచ్చిన బల్బు అదొక్కటే. కింది లైటు పెట్టెల చాటున ఉంది, పై లైటులో బల్బే లేదు, ఆ మనిషి ఇప్పుడు పెద్దరోడ్డు మీద కొట్టుకొట్టుకీ ఆగుతూ వెళ్తున్నాడు. ఆమె ఆ అట్టపెట్టె పట్టుకుని మేస్త్రి దగ్గరికి వెళ్ళింది.

“ఏమండీ, ఈ బల్బు ఇక్కడే ఉండిపోయింది.”

మేస్త్రి బల్బు వంక, ఆమె వంక చూశాడు. “మరి పైది వెలిగిందన్నావు?”

“ఎండ పడుతోందిగా. వెలిగినట్టే అనిపించింది.”

ఆయన ఫోను చేశాడు. రొట్టెలాయన ఎత్తలేదు. రెండోసారి చేయకుండా బల్బు జేబులో వేసుకుని, స్క్రూడ్రైవరు పట్టుకుని తన బండి తీశాడు.

ఆమె గుమ్మంలో కూర్చుంది. రోడ్డు మీద ఎవరు గట్టిగా బ్రేకు వేసినా లేచి నిలబడింది. రొట్టెలాయన తర్వాత మిగతావాళ్ళు గుర్తొచ్చారు. పొద్దున్నే డ్యూటీకి వెళ్ళే నర్సు. కూతుర్ని ముందు కూర్చోబెట్టుకునే లెక్కల టీచరు. ఉత్తరాలు పంచే మనిషి. మూడు నెలల్లో ఎంతమందికి ‘ఆ’ అన్నదో వేళ్ళ మీద లెక్కపెట్టబోయి, రెండు చేతులూ చాలక ఊరుకుంది.

చీకటి పడకముందే మేస్త్రి వచ్చాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

“దొరికాడు. వంతెన అవతల. వేసేశా.” చెప్పులు విప్పుతూ అన్నాడు. “మతిమరుపు నాది. ఎండలో ఒక్కోసారి నాకే కనపడదు, నీకేం కనపడుతుంది? పోనీలే.”

ఆమె అడగకుండానే క్షమించేశాడు. నోరు మూసుకుంటే ఆ సంగతి అక్కడితో సరి.

“ఎండ కాదు,” అంది ఆమె. “నాకు కనపట్లేదండీ. చప్పుడు విని అంటున్నా.”

ఆయన చేతిలో చెప్పు అలాగే ఉంది. “ఎప్పట్నుంచి?”

“వానలు మొదలైనప్పట్నుంచి.”

“ఇన్ని బండ్లు పంపించాం. గాల్లో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అన్నట్టు.” గొంతు పెంచలేదు. “నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే నన్నింక అడగరుగా.”

మేస్త్రి లోపలికి వెళ్ళి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. ఆమెకు సిగ్గుగా ఉంది, గుండెల మీద బరువు దిగినట్టుగానూ ఉంది.

తెల్లారి షెడ్డు తలుపు మీద సుద్దతో రాసి ఉంది: ఈ మూడు నెలల్లో ఇక్కడ పని చేయించుకున్నవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి, బ్రేకు లైటు ఊరికే చూస్తాం. మొదటి బండి రాగానే మేస్త్రి ఇంట్లోంచి ఒక పీట తెచ్చి బండికి కుడిపక్కన, పెడలు దగ్గర వేశాడు.

“కూర్చో. నువ్వు నొక్కు, నేను చూస్తా.”

ఆమె కూర్చుని, తడిమి, అరచేత్తో పెడలు నొక్కింది. “వెలిగిందా?” అంది.

మేస్త్రి వెనక మోకాళ్ళ మీద చేతులాన్చి, తొందరపడకుండా చూశాడు. “ఆ,” అన్నాడు.

ఆ నెలలో యాభైకి పైగా బండ్లు ఆగాయి. మూడు వెలగలేదు. వాటిని అప్పటికప్పుడే బాగుచేశారు. నర్సు వచ్చింది, ఉత్తరాలాయన వచ్చాడు. లెక్కల టీచరు రాలేదు. ఊరు మారాడని ఒకరు, బండి అమ్మేశాడని ఇంకొకరు అన్నారు. కొత్తగా ఎవరొచ్చినా ఆమె ఆయన సంగతి అడిగేది.

రెండేళ్ళు అలా నొక్కింది. ఆ మరుసటి చలికాలం జ్వరం తగిలి, మూడో రోజు తెల్లవారుజామున పోయింది. వారం తర్వాత మేస్త్రి షెడ్డు తెరిచాడు. ఇప్పుడు పెడలు నొక్కి, అది పైకి లేవకుండా రబ్బరు పట్టీ కట్టి, లేచి వెనక్కి నడిచి తనే చూసుకుంటున్నాడు. ఆలస్యమవుతోందని జనం విసుక్కుంటున్నారు. బండికి కుడిపక్కన పీట ఉంది. ఆమె పెడలు వైపు వంగి కూర్చునేది కాబట్టి దాని ముందు అంచు మాత్రం అరిగి నున్నబడింది.