టైలరు కత్తిరించిన పోగు

గాలివాన పట్టుకుని మూడు రోజులైంది. అసలే చలికాలం, దానికి తోడు ముసురు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు మొదటిరోజే కొట్టు షట్టరు వంగిపోయింది. అది పైకీ లేవదు, కిందికీ దిగదు. టైలరు ఇంట్లో పడ్డాడు. ముప్ఫై ఏళ్లుగా పగటిపూట తన ఇల్లు ఎలా ఉంటుందో ఎరగని మనిషి, కిటికీ రెక్క ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కపెడుతూ కూర్చున్నాడు.

లోపలిగదిలో మంచం మీద భార్య. రెండు నెలల కిందట ఆవిడకి కుడివైపు పడిపోయింది. సాయంత్రం స్వెట్టరు అల్లుతూ అల్లుతూ వరస మధ్యలో ఆగి, "చెయ్యి తిమ్మిరెక్కిందండీ" అంది. ఆ తిమ్మిరి మళ్లీ దిగలేదు. నోరు కూడా ఓ పక్కకి లాగేసింది. మాట కూడబలుక్కోవాలి గనక, ఉన్న నాలుగు మాటలూ పొదుపుగా వాడుకుంటోంది.

ఆ స్వెట్టరు టైలరు కోసమే. చలి ముదిరితే అతనికి ఆయాసం. ఆవిడ బూడిదరంగు ఊలు తెచ్చి మొదలుపెట్టిన రోజున అతను నవ్వాడు. "కత్తెర పడనిది బట్టేంటే? అన్నీ ఉచ్చులే. పిట్టల్ని పట్టుకోవడానికి పనికొస్తుంది" అన్నాడు. ఆవిడ తలెత్తకుండా వెనకభాగం అల్లింది, రెండు చేతులూ అల్లింది. ముందుభాగం చంకల దాకా వచ్చి ఆగిపోయింది. సూది ఇప్పటికీ కుట్లలోనే ఉంది.

దాన్ని ఆవిడ ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు. దుప్పటి మీద పరుచుకుని ఎడంచేత్తో నిమురుతుంది. సూది అందులో ఉన్నంతసేపూ అది ఆగిన పనే, అయిపోయిన పని కాదు. ఇంకో చెయ్యి దాన్ని పూర్తిచేసిందంటే ఆ కుడిచేతి కథ ముగిసినట్టే. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

చూసిపోదామని వచ్చిన ఆవిడ అక్క వానకి ఇక్కడే చిక్కుకుపోయింది. బస్సులు లేవు. ఊరికే కూర్చోలేని మనిషి.

"ఇటు పడెయ్యవే, రెండ్రోజుల్లో మెడ దాకా లేపేస్తాను."

"వద్దు."

"ఏం, నా చేతులకి పుండ్లా?"

"నీ అల్లిక... వదులు."

"విన్నావా మరిదీ? నలభై ఏళ్ల నించి అల్లుతున్నాను, నాది వదులంట!"

"ఉన్నమాటే కదా వదినా. పోయినేడు నువ్విచ్చిన మఫ్లరు చుట్టుకుంటే ఇటు దూరిన గాలి అటు పోతోంది."

"ఊళ్లోవాళ్ల బట్టలన్నీ కుట్టావు గానీ, నీ నోరు కుట్టే టైలరు దొరకలేదయ్యా నీకు."

మంచం మీద ఆవిడ నవ్వింది. సగం నోటితోనే.

మూడోరోజు మధ్యాహ్నం ఆవిడకి కునుకు పట్టింది. వదిన వంటగదిలో అంటుకోని పొయ్యితో తగువు పడుతోంది. ముందుభాగం జారి మంచం పట్టె మీదకి వేలాడింది. కింద పడకుండా టైలరు తీశాడు. పట్టెకున్న మేకు తగులుకుందో ఏమో, అడుగున నాలుగు వేళ్ల వెడల్పు పట్టీకి కొంచెం పైన ఒక పోగు బయటికి పొడుచుకొచ్చి ఉంది.

అతని కొట్లో ఒక శాసనం ఉంది. కొసదారం వేలాడుతూ ఏ బట్టా గుమ్మం దాటకూడదు. పెళ్లి కోటైనా, దిండు గలీబైనా అంతే. ఆ శాసనం బుర్రలో కాదు, వేళ్లలో ఉంటుంది. జేబులోంచి చిన్న కత్తెర ఎప్పుడు వచ్చిందో అతనికే తెలీదు. టప్పున కత్తిరించాడు. తర్వాత అలవాటు ప్రకారం బట్టని మోకాలి మీద వేసి, రెండువైపులా పట్టుకుని సాపుగా లాగాడు.

కన్ను తెరిచినట్టు చిల్లు పడింది. రెండు కుట్లు పోయాయి, నాలుగు పోయాయి, అక్కణ్ణించి నిచ్చెన మెట్లలా జారుకుంటూ పోయింది. వేలితో ఆపబోతే ఇంకాస్త జారింది. బట్ట ఇలా చెయ్యదు. బట్టని కోస్తే కోసినచోటే ఆగుతుంది.

"ఏం చేశావయ్యా!" వదిన గుమ్మంలో నిలబడిపోయింది.

"దారం వేలాడుతుంటే..."

"అది వేలాడే దారమా? మొత్తం ఒకటే పోగయ్యా! ఎక్కడ తెంపినా దాని పీక తెంపినట్టే."

"అరవకు వదినా. రఫ్ఫు చేసేస్తాను. సిగరెట్టు కాలిన కోట్లు ఎన్ని బాగుచేశానో, కనిపెట్టిన మగాడు లేడు."

ఆ మాట నిజమే. మాసిక వెయ్యడంలో అతన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. వదిన ఒకసారి మంచం వైపు చూసి గొంతు తగ్గించింది. "అయితే అది లేచేలోపు కానియ్యి. నేను చూళ్లేదు."

అతను కుట్టుసూదిలోకి ఊలు ఎక్కిస్తున్నాడు. రెండుసార్లు తప్పింది. మూడోసారి ఎక్కించి తలెత్తేసరికి ఆవిడ కళ్లు తెరిచి చూస్తోంది. ఎంతసేపటి నించి చూస్తోందో.

"కత్తెరా?" అంది.

"అలవాటే. చెయ్యి ఆగలేదు." అతను చిల్లుని అరచేత్తో మూశాడు. "కనపడకుండా చేస్తాను. నీకు కూడా తెలీదు చూడు."

"ఊడదియ్యండి."

"పిచ్చా నీకు? మొత్తం పోతుందే. ఇది నీ చేత్తో..." అక్కడ ఆగాడు. రెండు నెలలుగా ఎవరూ అనని మాట అతని నోట సగం వచ్చేసింది.

ఆవిడ ఆ సగం మాట వినిపించుకోనట్టే ఉంది. చాలాసేపు కూడదీసుకుని అంది. "మాసికేసిన మనిషిని... ఈ ఇంట్లో నేనొకదాన్ని చాలు."

వదిన చీర కొంగు మూతికి అడ్డం పెట్టుకుని వంటగదిలోకి వెళ్లిపోయింది.

అల్లిక సూది లాగడానికి టైలరుకి చెయ్యి రాలేదు. ఆవిడే ఎడంచేత్తో దాన్ని కుట్లలోంచి దూసి పక్కన పడేసింది. పోగు పట్టుకుని లాగింది. టకటకమని ఒక వరస పోయింది. ఇంకో వరస పోయింది. అతను ఎదురుగా కూర్చుని ఉండ చుట్టాడు. ఊలు సాపుగా రాలేదు, ఉంగరాలు ఉంగరాలుగా వచ్చింది. ఒక్కొక్క వంకరా ఆవిడ వేళ్లు బిగించిన బిగువే. అల్లడానికి ఎన్ని సాయంత్రాలు పట్టిందో గానీ, ఊడటానికి వదిన పొయ్యి అంటుకున్నంతసేపు కూడా పట్టలేదు. తెగినచోట పోగు చేతిలోకి వచ్చేసింది. అడుగున పట్టీ ఒక్కటే మిగిలింది. ఆవిడ అక్కడ ఆపింది.

"ఇక... మీరు," అంటూ సూది చూపించింది.

"నేనా? వదిన ఉందిగా."

"వదులు."

వంటగదిలోంచి గొంతు వచ్చింది. "ఇంకా అదే మాట! చచ్చేదాకా వదలదు నన్ను."

చివరికి వదినే వచ్చి పట్టీ కుట్లని ఒక్కొక్కటిగా సూదికి ఎక్కించి, ఎలా దూర్చాలో, ఎలా చుట్టి లాగాలో చూపించింది. కాజాలు కుట్టిన వేళ్లు ఆ రెండు సూదుల మధ్య మొద్దుల్లా అయిపోయాయి. వెలుతురు లేదు, కరెంటు లేదు. ఒక్క వరసకి అతనికి నుదుటి మీద చెమట పట్టింది, అంత చలిలోనూ. అయ్యాక పసిపిల్లాడు పలక చూపించినట్టు పట్టుకెళ్లి ఆవిడ ముందు పెట్టాడు.

ఆవిడ ఎడం బొటనవేలు పట్టీ మీద మెల్లగా జరిగి, అతని వరస దగ్గర ఆగింది. ఎవరి చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎవరిది ఎక్కడ మొదలైందో గుడ్డివాడికైనా తెలుస్తుంది.

"బిగువు," అంది.

"వదులైతే పనికిరాదు, బిగువైతే పనికిరాదు. ఏం చెయ్యమంటావే నన్ను?"

"ఊడదియ్యండి."

కిటికీ రెక్క మళ్లీ కొట్టుకుంది. అతను ఈసారి లెక్కపెట్టలేదు. ఆవిడ కుడిచెయ్యి దుప్పటి మీద పొద్దున వదిన ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంది. దాన్ని చూడకుండా సూది దూసి, తన వరస పోగు పట్టుకుని లాగాడు.